తేనెపట్టు నడుమ కట్టిన గది

మా గురువుగారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. పని చెప్పే అలవాటు ఉంది. మోక్షం అంటే ఏమిటని నేనొకసారి అడిగిన పాపానికి ఒక వేసవంతా చింతపండు గింజలు తీశాను. ఆ రెండింటికీ ఉన్న సంబంధం నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఏడు ఆశ్రమంలో పులుసుకు మాత్రం లోటు రాలేదు. అందుకని ఆయన దగ్గర చాలాకాలంగా ఉన్నవాళ్లం ఆచితూచి అడిగేవాళ్లం.

ఆయన పేరు విశ్వపతి. ఒకప్పుడు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. ఉద్యోగం అయిపోయాక అరకు దాటి ఒక లోయలో రెండు పెంకుటిళ్లూ, కాస్త మెట్టభూమీ, వరసగా కొన్ని తేనెపెట్టెలూ పెట్టుకుని ఉండిపోయారు. దాన్ని మేం ఆశ్రమం అనేవాళ్లం, ఆయన తోట అనేవారు. దేవుడి మాట ఎత్తితే తేనెటీగ కాలు చూపించేవారు. తేనెటీగ కాలు గురించి అడిగితే దేవుడి దాకా వెళ్లేవారు. ఆయనతో వేగడం తేలిక కాదు, ఆయన్ని వదిలిపోవడం అంతకన్నా కష్టం.

తేనెపెట్టెల పని నీలాద్రిది. విజయనగరం వైపు మనిషి, ముప్పై దాటినవాడు, మాట పెదవి దాటని నెమ్మదస్తుడు. అతని భార్య పైడమ్మ మా అందరికీ వండిపెట్టేది. పెళ్లయి చాలా ఏళ్లయినా వాళ్లకు పిల్లలు లేరు. ఆ విషయం వాళ్లు ఎత్తేవారు కాదు, మేమూ ఎత్తేవాళ్లం కాదు.

ఆ ఏడు వలిసె చేలు విరగబూసి లోయంతా పసుపుపచ్చగా ఉన్న రోజుల్లో ఒక ముసలావిడ నీలాద్రిని వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడ నీలాద్రి అన్నకు అత్తగారు. అన్న పేరు సన్యాసిరావు. పేరులో ఉన్న వైరాగ్యం ఆ మనిషిలో పిసరంత లేదు. పొలానికి నీళ్లు పెట్టే దగ్గర పక్క రైతుతో మాటామాటా పెరిగి, చేతిలో ఉన్న పారతో కొట్టాడు. ఆ రైతు చనిపోయాడు, ఇతను జైలుకు వెళ్లాడు. అప్పటికే నిండు నెలల్లో ఉన్న భార్య మగపిల్లాణ్ణి కని కన్నుమూసింది. ఆ పసివాడు ఈ ముసలావిడ చేతిలో ఉన్నాడు. ఆవిడ చేతులకా సత్తువ లేదు. పెంచుకుంటారా, లేకపోతే సర్కారు వాళ్ల శిశుగృహంలో ఇచ్చెయ్యనా అని అడగడానికి వచ్చింది. వలిసె కోతలనాటికి మళ్లీ వస్తాను, ఏదో ఒకటి చెప్పండి అని వెళ్లిపోయింది.

పైడమ్మ ఆ పూటే తన పాత చీరలు బయటికి తీసి ఉతికి ఆరవేసింది. మెత్తబడిన చీరలు పసిపిల్లలకు పక్కబట్టలవుతాయి. నీలాద్రి వాటివైపు చూడకుండా తేనెపెట్టెల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం అతను పెట్టెలు తెరిచి మూసిన తీరు దూరం నుంచి చూసినవాళ్లకు కూడా అతనిదిగా అనిపించలేదు. ఈగలు పట్టు కట్టే చట్రాలు టకటకా కొట్టుకుంటున్నాయి.

నాలుగైదు రోజులు తనలో తాను కుమిలి, ఒక ఉదయం నీలాద్రి గురువుగారి ముందు కూర్చుని అడిగేశాడు.

“రగతంలో ఉన్నది పెంపకంతో పోతాదా గురువుగారూ? మా నాయన కోపం మా అన్నకొచ్చింది. ఆడి కోపం ఆ గుంటడికి రాకుండా ఉంటాదా? తెచ్చి పెంచి, రేపొద్దున్న ఇంకో మనిషి పానం తీస్తే ఆ పాపం ఎవరిది?”

పైడమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. మేమందరం గురువుగారి నోటివైపే చూస్తున్నాం. ఒక పసివాడి బతుకు ఆ జవాబు మీద ఉంది, ఈసారైనా మనిషి సూటిగా మాట్లాడతారని మా ఆశ.

“మూడో పెట్టె మోత మారింది. తెరిచి చూశావా?” అన్నారు ఆయన.

నాకు ఒళ్లు మండింది. నీలాద్రి మాత్రం లేచి పొగడబ్బా వెలిగించుకున్నాడు. అతనికి తెలిసిన మంచితనం అదే. చెప్పిన పని చేసేవాడు.

గురువుగారి వెనక నేనూ వెళ్లాను. మూడో పెట్టె దగ్గరికి వెళ్లగానే తేడా నాకు కూడా తెలిసింది. మిగతా పెట్టెల్లోంచి పని జరుగుతున్న ఇంటి సందడిలాంటి మోత వస్తుంటే, దీనిలోంచి సన్నగా మూలుగులాంటిది వస్తోంది. మూత తీసి చట్రాలు ఒక్కొక్కటే పైకెత్తి చూస్తున్న నీలాద్రి ఒక చోట ఆగిపోయాడు. చట్రం అంచుకు నలిగి ఎండిపోయిన రాణి ఈగ అతుక్కుని ఉంది. ముసలావిడ వచ్చిన రోజు మధ్యాహ్నం, కొట్టుకున్న ఆ చట్రాల మధ్య పడి అది చచ్చిపోయింది. నీలాద్రి దాన్ని గోటితో తీసి అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

తర్వాతి చట్రం ఎత్తేసరికి, పట్టు నడుమన, మామూలు చిన్న గదుల మధ్యలోంచి వేరుశనగ కాయంత లావున రెండు మైనపు గదులు కిందికి వేలాడుతున్నాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పూల కాలంలో ఈగలు పెరిగి పెట్టె ఇరుకైతే కొత్త రాణిని పెంచుకుంటాయి, పాత రాణి సగం మందను వెంటబెట్టుకుని ఎగిరిపోతుంది. తేనె పెంచేవాళ్లకు అది పెద్ద నష్టం. అందుకని రాణికోసం కట్టిన అలాంటి లావు గది ఎక్కడ కనబడినా కత్తితో కోసి పారేస్తారు. నీలాద్రికి ఆ పని నేర్పింది గురువుగారే. ఆ అలవాటు అతని చేతిలో ఎంత ఇంకిపోయిందంటే, రాణి పోయిందని తెలిసి కూడా చెయ్యి ఆగలేదు. కత్తి తీసి మొదటి గది కోసేశాడు. అది గడ్డిలో పడింది. రెండో దాని మీదికి కత్తి వెళ్లేసరికి గురువుగారు అతని మణికట్టు పట్టుకున్నారు.

అప్పుడు జరిగింది నేను చూడకుండా ఉంటే బాగుండేది. నీలాద్రి మొహం మారిపోయింది. నెమ్మదస్తుడని ఇందాక నేను రాసిన మనిషి అక్కడ లేడు. పళ్లు బిగిసి, మెడ నరాలు పొంగి, కత్తి ఉన్న చేతిని ఒక్క విదిలింపున పైకెత్తాడు. ఆ కత్తి గురువుగారి భుజం ఎత్తున ఆగింది. రేగిన ఈగలు గురువుగారి చేతిని కుడుతున్నాయి. మాకు వినబడుతున్నది వాటి రొద ఒక్కటే. గురువుగారు మణికట్టు వదల్లేదు. కత్తివైపు చూడలేదు కూడా, అతని కళ్లలోకే చూస్తున్నారు. కాసేపటికి నీలాద్రి వేళ్లు సడలి కత్తి గడ్డిలో పడింది.

“అది ఎక్కడ వేలాడుతోందో చూశావా నాయనా?” అన్నారు గురువుగారు, ఏమీ జరగనట్టే.

ఎగిరిపోయే ఉద్దేశం ఉన్నప్పుడు ఈగలు రాణి గదిని పట్టు కింది అంచున కడతాయట. ఇవి కట్టింది నడుమన. తల్లి పోయింది, గుడ్లు పెట్టేవాళ్లు లేరు. వాటికి దొరికింది తల్లి పోకముందు పెట్టి వెళ్లిన మామూలు గుడ్లు, పెట్టె పనంతా చేసే కూలి ఈగలు కావలసిన గుడ్లు. అందులో అప్పుడే పొదిగిన పురుగుల్లో రెంటిని ఏరుకుని, ఉన్న గదినే సాగదీసి పెద్దది చేసి, వాటికి రాణి కూడు పెట్టడం మొదలుపెట్టాయి.

ఆయన గడ్డిలోంచి కోసిపారేసిన గదిని తీసి మాకు చూపించారు. లోపల చిక్కటి తెల్లటి పాలలో ఒక పురుగు మునిగి ఉంది. ఆ పాలు ఈగలు తమ తలలోంచి ఊరించి ఇస్తాయి. దాన్నే సీసాల్లో పోసి రాయల్ జెల్లీ అని అమ్ముతారు, మేం పాలు అనేవాళ్లం. పుట్టిన ప్రతి పురుగుకూ మొదట ఆ పాలే పోస్తాయి. తర్వాత కూలి ఈగ కావలసినదానికి మాన్పించి పుప్పొడీ తేనే కలిపిన అంబలి పెడతాయి. పాలు మానకుండా తాగినది రాణి అవుతుంది. అంబలి తిన్నది ఆ పూల కాలం దాటితే గొప్ప. పాలు తాగినది ఏళ్ల తరబడి బతుకుతుంది, లెక్కలేనన్ని గుడ్లు పెడుతుంది, వేరే జాతి ఏమో అనిపించేంత పెద్దదవుతుంది. గుడ్డు మాత్రం ఒకటే. అయితే ఎంచుకోవడానికి వ్యవధి చాలా తక్కువ. అంబలికి అలవాటుపడి పెరిగిన పురుగును తర్వాత ఎంత పాలల్లో ముంచినా రాణి కాదు.

మేం తిరిగి వచ్చాక గురువుగారు వాచిన చేతికి సున్నం రాసుకుంటూ పైడమ్మను పోపులపెట్టె తెమ్మన్నారు. ఆవిడ తెచ్చి ఆయన ముందు మూత తీసింది. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, ఇంగువ.

ఇవాళ చారులో మెంతులు వేశావా అని అడిగారు. వేయలేదు, పులుసుకే వేస్తానంది. మరి మెంతులు పెట్టెలోంచి పోయాయా అన్నారు. పోవడమేటి గురువుగారూ, ఉన్నాయి కదా అని ఆవిడ చిన్న గిన్నె చూపించింది.

అప్పుడు ఆయన చెప్పింది నేను కాలేజీలో చదివిందే. చదివినప్పుడు మార్కులు వచ్చాయి, ఒళ్లు గగుర్పొడవలేదు. ప్రాణి ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి. నిండు పోపులపెట్టె ప్రతి కణం చేతిలోనూ ఉంటుంది. ఏ గిన్నె తీయాలో, ఎంత వేయాలో, ఎప్పుడు మూయాలో చెప్పేవి వేరే ఉంటాయి. తినే తిండి చెబుతుంది, వేడి చెబుతుంది, గాలిలో వాసన చెబుతుంది, పక్క కణం కబురు పంపుతుంది. ఆ పాలు ఒంట్లోకి వెళ్లి ఒక ఈగలో కొన్ని గిన్నెలు తెరుస్తాయి, కొన్ని మూస్తాయి. రాణి బతికి ఉన్నప్పుడు దాని వాసన ఒక ఈగనుంచి ఇంకో ఈగకు అంటుకుంటూ రోజూ పెట్టెంతా తిరుగుతుంది. ఆ వాసన తగిలినంతకాలం కూలి ఈగల కడుపులో గుడ్లు పెట్టే శక్తి నిద్రపోతూ ఉంటుంది. పూట తిరక్కుండా అవి తల్లి పోయిందని తెలుసుకున్నది కూడా ఆ వాసన ఆగిపోవడం వల్లే.

“మన కంటిలో ఉన్న కణానికి గోరు ఎలా చేయాలో తెలుసు,” అన్నారు గురువుగారు. “చేయదు. అది చేయకుండా ఊరుకోబట్టి మనం చూస్తున్నాం.”

ఇన్నేళ్లు ఇదే పాఠం చెప్పిన మనిషి, ఇప్పుడే విన్నవాడిలా పోపులపెట్టెకేసి చూస్తూ కూర్చున్నారు. నేను నా గోరు ముట్టుకుని, తర్వాత కనురెప్ప ముట్టుకున్నాను. నా ఒంట్లో లెక్కకు అందనన్ని చోట్ల, చేయగలిగి కూడా చేయకుండా, పిలుపు కోసం కూర్చున్నవి అన్ని ఉన్నాయా అనిపించింది. నాకు భయం వేసింది, దణ్ణం పెట్టాలనీ అనిపించింది. ఎవరికి పెట్టాలో తెలియక పోపులపెట్టెకే పెట్టాను. పైడమ్మ నవ్వింది.

నీలాద్రి నవ్వలేదు. అతని మనసు కత్తి ఎత్తిన చేతి దగ్గరే ఉండిపోయింది. ఆ సాయంత్రం భార్యతో, చూశావా, నాలోనూ ఉంది, మా అన్నకూ నాకూ తేడా ఒక జానెడే, ఇంక ఆ పిల్లాడి మాట ఎత్తకు అన్నాడట. ఉన్న సంగతి నాకు పెళ్లినాడే తెలుసు, ఉంటే ఉండనీ అందట ఆవిడ. ఆరిన చీరలు మడతపెట్టి పక్కన పెట్టుకుంది గాని మళ్లీ పెట్టెలో దాచలేదు.

ఇక మూడో పెట్టెకు మిగిలింది ఒక్క గది. తల్లి పెట్టి పోయిన మిగతా పురుగులు అప్పటికే వయసు దాటిపోయాయి. ఆ ఒక్కటీ పాడైతే ఆ మందకు మరో రాణి లేదు. ఆలస్యమైనా ముప్పే. వాసన లేని పెట్టెలో కొన్నాళ్లకు కూలి ఈగలే గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. వాటిలోంచి పనికిరాని పోతుటీగలే పుట్టి ఇల్లు గుల్లవుతుంది. ఇంకో పెట్టెలోంచి లేత గుడ్లున్న చట్రం తెచ్చి పెట్టొచ్చు కదా అన్నాను నేను, తెలివి చూపించుకుందామని. ముందు ఉన్నదాన్ని చూద్దాం అన్నారు గురువుగారు.

నీలాద్రి ఆ రోజుల్లో మూడో పెట్టె పక్కనే ఉండేవాడు. భోజనం అక్కడికే తెప్పించుకునేవాడు. ఎండ ఎక్కువైతే కొబ్బరాకు కప్పేవాడు, చలిగాలి వస్తే గోనె చుట్టేవాడు. అది తన చేతులతో చేసిన నష్టమని అతనికి ఉంది. పైకి ఏమీ అడక్కపోయినా, ఆ గదిలో పురుగుకు తిండి పెడుతున్న ఈగలను చూసి నేర్చుకుంటున్నవాడిలా కనబడేవాడు. ఒక పెట్టెడు ఈగలు, తమవాటిలోంచే ఒకదాన్ని, తిండి మాత్రం మార్చి, తల్లిని చేసుకుంటున్నాయి. ఎవరూ వాటికి చెప్పలేదు. చెప్పేవాళ్లు ఎవరో చూద్దామంటే పెట్టెలో మైనం, చీకటి తప్ప ఏమీ లేవు.

ఒక మధ్యాహ్నం నీలాద్రి పరుగున వచ్చి నన్ను లాక్కెళ్లి పెట్టెకు చెవి పెట్టమన్నాడు. లోపలినుంచి సన్నటి బూర ఊదినట్టు పీ... పీ... అని వినబడింది. కొత్త రాణి బయటికి వచ్చి కూస్తోంది. వేల ఈగలు ఒక్కసారిగా రొద ఆపి ఆ కూత వింటున్నాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కకు చూస్తే నీలాద్రి పెట్టెకు చెంప ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు.

తర్వాత ఆ రాణి ఆకాశంలోకి ఎగిరి పోతుటీగలను కలిసి వచ్చింది. వలిసె పూలు రాలి కాయలు గట్టిపడ్డాయి. ముసలావిడ మర్నాడు వస్తుందని కబురందిన రోజున గురువుగారు నీలాద్రిని మళ్లీ మూడో పెట్టె తెరవమన్నారు. మోత అప్పటికి మామూలు అయిపోయింది. పట్టు గదుల్లో, ఒక్కో గది అడుగున ఒక్కో గుడ్డు, నూలుపోగు తుంచి నిలబెట్టినట్టు తెల్లగా ఉన్నాయి. వాటి మధ్య రాణి నిదానంగా నడుస్తోంది. నీలాద్రి చాలాసేపు చూశాడు.

“కూలి ఈగ గుణం దీన్నించి పోయినట్టేనా గురువుగారూ?”

“పోలేదు. మైనం చేయడం, పుప్పొడి మోసే కాళ్లు పెంచడం, అంతా దానిలో ఉంది. ఎవరూ పిలవలేదు, అవి లేవలేదు. ఆ రోజు కత్తి పైకెత్తావు. ఎందుకు దించావు?”

నీలాద్రి తల దించుకున్నాడు. ఇన్నాళ్లుగా ఆ ప్రశ్నకోసమే భయపడుతున్నవాడిలా ఉన్నాడు. చివరికి అన్నాడు. “మీరు సెయ్యి ఒదల్లేదు గురువుగారూ. ఈగలు కుడతన్నా ఒదల్లేదు. మా నాయన కోపంగా ఉన్నప్పుడు ఎవులూ దగ్గరికెళ్లేవోరు కాదు. అన్న దగ్గరకీ ఎల్లలేదు.”

గురువుగారు చట్రం అతని చేతిలోంచి తీసుకుని, ఈగ ఒక్కటీ నలగకుండా పెట్టెలోకి దించారు. నీలాద్రి పొగడబ్బా కింద పెట్టి, దూరంగా తీగమీద మళ్లీ ఆరుతున్న పైడమ్మ చీరలవైపు చూస్తూ ఉండిపోయాడు.

“పిల్లాడికి ఎన్నో నెల?” అన్నారు గురువుగారు.

నాలుగో నెలండి అన్నాడు నీలాద్రి.

గురువుగారు పెట్టె మూత సరిచేశారు.

“అయితే ఇంకా పాలే తాగుతున్నాడన్నమాట.”